మూడో టోకెన్

“మారికుప్పం ట్రైన్ కదలగానే పట్టాల కింది సొరంగం పేలుతుంది. ఎలాగైనా ఆపు!” చెవిలో వినికిడి యంత్రంలా కనిపించే వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఠక్కున ఆగిపోయింది.

పట్టుగూళ్ళ వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ పురుషోత్తమ్ మూతపడిన గని ఆఫీసు తలుపును ఒక్క తన్ను తన్నాడు. లోపల లాప్‌టాప్ పక్కన ప్రోగ్రామర్ ఉమేశ్‌ని కుర్చీకి కట్టేసి ఉంచారు.

“గని మళ్ళా తెరుస్తారని చెప్పి బ్లాస్టింగ్ ప్రోగ్రాం రాయించినారు సార్! పైథాన్‌లో రాసినాను. వీళ్ళు విదేశీ ముఠా అని ఇప్పుడే తెలిసె. ఆ రైల్లో మా అమ్మ ఉండాది!”

“లాప్‌టాప్ పగలగొడితే?”

“అప్పుడే పేలిపోతాది. ప్రోగ్రామే వద్దనాల.” ఉమేశ్ గోడవైపు చూశాడు. కొక్కేలకు ఇత్తడి టోకెన్లు వేలాడుతున్నాయి. గనిలోకి దిగేవాడు టోకెన్ తీసుకోవాలి, పైకొచ్చాక తగిలించాలి. “వాట్లో చిప్ ఉండాది. దిగినోళ్ళ టోకెన్లన్నీ ప్రోగ్రాంలో లెక్క చూసే ఫంక్షన్‌కి పోతాయి. అందరూ పైకొచ్చుంటేనే పేలుస్తాది. పేలుడు మందు పెట్టేదానికి ఇద్దరు దిగినారు, వచ్చేసినారు.”

పురుషోత్తమ్ ఇంకో టోకెన్ లాగి జేబులో వేసుకున్నాడు. “నేనూ దిగినట్టే. మూడో మనిషిని నీ ఫంక్షన్ ఒప్పుకుంటుందా?”

జవాబు రాకముందే గుమ్మంలో సెంటు గుప్పుమంది. పిస్టల్‌తో వీణ! నిన్నటిదాకా తన డిపార్ట్‌మెంట్ మనిషి. ఆమె చేతి కాఫీ ఎన్నిసార్లు తాగాడో!

“పట్టుగూళ్ళకి ధర పలికిందా?” పాత కోడ్‌వర్డ్‌ని వెటకారంగా వల్లించింది.

ట్రైన్ హారన్ మోగింది. వీణ పిస్టల్ గురి తప్పించకుండానే లాప్‌టాప్ దగ్గరికొచ్చి ఎంటర్ నొక్కింది.

స్క్రీన్ ఎర్రబడింది. ‘ఒకరు ఇంకా కింద ఉన్నారు.’

వీణ తెల్లబోయింది. ఆ ఒక్క క్షణంలో పురుషోత్తమ్ ఆమె మణికట్టు మీద కొట్టి పిస్టల్ లాక్కున్నాడు. ట్రైన్ చప్పుడు మెల్లగా దూరమైంది.

“ఇద్దరికే రాయమన్నాను కదా!” అరిచింది వీణ.

“మా తాత ఈ గనిలోనే మందు పేల్చేవాడమ్మా,” అన్నాడు ఉమేశ్ ఏడుస్తూనే. “ఏ పొద్దు ఎంతమంది దిగుతారో ముందే ఎవరికి తెలుసు? అందుకే ఫంక్షన్లో టోకెన్లు అందుకునే పేరు ముందర స్టార్ గుర్తు పెట్టినా. ఇద్దరైనా, నూరుమందైనా తీసుకుంటాది. ఒక్కరు కింద ఉన్నా పేల్చకూడదని మా ఇంట్లో నేర్పినారు.”

వినికిడి యంత్రం మళ్ళీ గరగరలాడింది. “పురుషోత్తమ్! ఎక్కడున్నావు?”

“ప్రోగ్రాం లెక్కలో పాతాళంలో ఉన్నాను సార్,” జేబులోని టోకెన్ తడుముకున్నాడు పురుషోత్తమ్. “బాంబ్ స్క్వాడ్ మందు తీసేదాకా నన్ను పైకి పిలవకండి.”