జడ్జమ్మ తీర్పు

అందరూ గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు. బొంజుబాబు పశువుల పాక ముందు మాటలు విడుస్తాడు. ఆ ఉదయం కూడా నోరు గట్టిగా బిగించుకుని, చెంబు పట్టుకుని లోపలికి వెళ్లాడు.

పాడేరు పైకొండల్లో చలి అనేది తాతల నాటి కబురైపోయింది. పొద్దు పొడవగానే రాళ్లు కాలుతున్నాయి. అయినా పాకలో, మంచుకొండల్లో పుట్టవలసిన జడలబర్రె ఒకటి, నేలను ఊడ్చే జడలతో హాయిగా నెమరు వేస్తున్నది. దాని మెడలోని చలిపట్టీ ఒంట్లో పారే రక్తాన్ని చల్లబరుస్తుంది. పట్టీ ఆగితే పూట తిరిగేలోగా ప్రాణం పోతుంది.

కొత్త తెగుళ్లకు ఆవులూ గేదెలూ అంతరించాక, పట్నానికి పాలమ్మే పాడిపీఠం వారు కొండ మీద ఇంటికొక జడలబర్రెను కట్టబెట్టారు. పాలిస్తుంది, మడి దున్నుతుంది, సంతకు మూటలు మోస్తుంది. జడ తాడవుతుంది, పేడ పిడకవుతుంది. బొంజుబాబు ఇంట్లో అన్ని పనులు చేసిన ప్రాణి అంతకుముందు అతని భార్య దేవుడమ్మ ఒక్కతే. జడలున్నాయి కనుక దానికి జడ్జమ్మ అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

దేవుడమ్మ పోయి ఏడాదైంది. ఆమె గొంతు మాత్రం పాకలోనే ఉంది.

పశువు మనసుపడితేనే పాలు పొదుగులోకి దిగుతాయి. దానినే చేపడం అంటారు. చలిపట్టీ ఆ గుట్టు కూడా పట్టేసింది. ఏ గొంతుకు పశువు చేపుతుందో ఆ గొంతును దాచుకుని, రోజూ పితికే వేళకు వినిపిస్తుంది. దాచేది ఒక్క గొంతునే. మరో గొంతుకు చేపిందా, పాతది చెరిగిపోతుంది. గుండెలోనైతే ఇద్దరికి చోటుంటుంది. పట్టీకి ఉన్నది గుండీ, గుండె కాదు. పోనీ, ఆ గొంతును మరో యంత్రంలోకి ఎత్తుకుందామంటే కుదరదు. అది పాడిపీఠం సొత్తట, తాళం వేశారు. దేవుడమ్మ బతికుండగా ఆమె గొంతును వేరే ఎక్కడా దాచుకోలేదు. రోజూ చెవిలో మోగే గొంతును ఎవరు దాచుకుంటారు?

అందుకే భర్త పాకలో పెదవి విప్పడు. బిడ్డ సింహాచలం లోపలికే రాదు.

బొంజుబాబు పీట మీద కూర్చుని పట్టీ గుండీ నొక్కాడు.

“ఒలే జడ్జమ్మా, జడలేలాడేసుకుని నిలబడితే సరా? తిన్న గడ్డంతా ఎటెల్లిపోనాది? మా మావకి సల్ల లేకపోతే ముద్ద దిగదు, నీకెరిక కాదా?”

తరువాతి మాటకు జడ్జమ్మ చేపుతుంది. కానీ ఆ మాట రాలేదు. గొంతు మధ్యలో తెగింది.

గుమ్మంలో పాడిపీఠం అధికారి ప్రణీత్ నిలబడి ఉన్నాడు, చేతిలో పట్టీని నడిపే మీట. అతని వెనకే పరుగున వచ్చిన సింహాచలం గడప బయటే ఆగిపోయింది.

“ఆపీసేరేటి బావూ? అది మాయమ్మ.”

“మీ అమ్మగారి మీదే ఫిర్యాదు. పాల పొట్లం మీద వేలు పెడితే కొనేవాళ్లకు ఈ పాక కనిపిస్తుంది, వినిపిస్తుంది. పట్నంలో పిల్లలు పాలతో పాటు తిట్లు తాగుతున్నారట. ఇకనుంచి అన్ని పాకల్లోనూ మా పీఠం గొంతు ఒక్కటే, ఏకవాణి.”

“తిట్లు కావాలని ఎవులడిగేరు? పాలు తాగమను, సెవులు మూసుకోమను.”

“వద్దంటే పట్టీ వెనక్కి తీసుకుంటాం.”

పట్టీ తీస్తే జడ్జమ్మ చస్తుంది. ఉంచితే దేవుడమ్మ రెండోసారి చస్తుంది. బొంజుబాబు చెంబు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రణీత్ మీట నొక్కాడు. ఏకవాణి పలికింది. పంచదార పాకంలో ముంచి తీసినట్టున్న గొంతు, “గౌరవనీయమైన పశుమాతా, దయచేసి సహకరించండి” అన్నది. జడ్జమ్మ నెమరు ఆపి, తోక ఎత్తి, ఒక పేడకడి వేసింది. ఏకవాణి మళ్లీ బతిమాలింది. పొదుగు బిగిసే ఉంది.

“అదీ తీర్పు,” అన్నది సింహాచలం బయటినుంచి. “కొట్టీసింది బావూ, నీ కేసు.”

పశువు చేపని గొంతును పట్టీ ఉంచుకోదు, పాతదే నిలుస్తుంది. ఆ సంగతి ప్రణీత్‌కూ తెలుసు. అతడు ఊరకే వెళ్లిపోయి ఉంటే కథ అక్కడితో సుఖంగా ముగిసేది. కానీ ఓడిన అధికారికి నీతి బోధించాలనిపిస్తుంది.

“ఒక్క మాట బొంజుబాబు గారూ. పోయినావిడ చేత కూడా పాకలో చాకిరీ చేయించుకోవడం ఏం ధర్మమండీ? ఆవిణ్ణి వదిలెయ్యండి.”

ఏడాదిగా కట్టిన కట్ట తెగింది. బొంజుబాబు చెంబు నేలకేసి కొట్టి లేచాడు. తిట్టాలి. కానీ పుట్టి బుద్ధెరిగాక అతడు ఎవరినీ తిట్టలేదు, ఆ శాఖ ఇంట్లో దేవుడమ్మది. అతనికి వచ్చిన తిట్లన్నీ ఆమెవే. అవే వచ్చాయి, వరస తప్పకుండా.

“ఒలే... జడలేలాడేసుకుని నిలబడితే సరా? తిన్న గడ్డంతా ఎటెల్లిపోనాది? మా మావకి సల్ల లేకపోతే ముద్ద దిగదు, నీకెరిక కాదా? ఒగ్గు, పాలొగ్గు.”

ప్రణీత్ తెల్లబోయాడు. తనకు జడల్లేవు, గడ్డి తిన్న జ్ఞాపకమూ లేదు.

“నాయనా, నోర్ముయ్యి,” అని సింహాచలం గడప దాటి వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. జడ్జమ్మ ఒకసారి ఒళ్లు వదులు చేసింది. సగంలో ఆగిన మాట పూర్తయింది కనుక, అలవాటు ప్రకారం అది చేపింది. పాలు వాటంతట అవే గడ్డి మీద చుక్కలు చుక్కలుగా రాలాయి. పట్టీ మీద పచ్చదీపం వెలిగింది.

“కొత్త గొంతు దాచబడింది. ధన్యవాదాలు.”

“వెనక్కి తే,” అన్నాడు బొంజుబాబు. ప్రణీత్ మీట నొక్కాడు, మళ్లీ నొక్కాడు. చెరిగినదాన్ని తెచ్చే మీట ఎవరూ తయారు చేయలేదు. అలాంటిది ఒకరికి కావలసి వస్తుందని వాళ్లకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్న బొంజుబాబు పాక ముందు ఆగాడు. విడవడానికి మాటలేమీ మిగల్లేదు. లోపలికి వెళ్లి పీట వేసుకుని గుండీ నొక్కాడు. అతని గొంతే అతని మీద పడింది. బతికున్నన్నాళ్లూ ఆమె మాటకు ఎదురు చెప్పని మనిషి, ఆమె పోయాక మాట మీద మాట వేసి చెరిపేశాడు.

“మా మావకి సల్ల లేకపోతే ముద్ద దిగదు, నీకెరిక కాదా?” అని పట్టీ అతని గొంతుతో అడిగింది.

జడ్జమ్మ చేపింది. చెంబు నిండింది. ఆ మధ్యాహ్నం సింహాచలం కంచంలో అన్నం పెట్టి, లోటా నిండా చల్ల తెచ్చి పక్కన పెట్టింది.

చల్ల ఉంది. ముద్ద దిగలేదు.