రెండు రోజుల ఆలస్యం

ఆడపిల్లల ఫొటోలు అసభ్యంగా మార్చి ఎవడైనా ఆన్‌లైన్‌లో పెడితే, వాళ్లు మా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తారు. ఆ ఫొటోలు తీయించడం నా పని.

ఆ మధ్యాహ్నం ఆఫీసంతా సూపర్‌వైజర్ కూతురి పెళ్లికి పోయింది. ఫోన్ల దగ్గర నేనుంటానన్నాను. ఇంటికెళ్లినా పలకరించే దిక్కు లేదు. ఇక్కడైతే కనీసం ఫోన్ మోగుతుంది.

బయట ముసురు. మూడింటికే గదిలో మసక చీకటి. తివాచీ చెమ్మవాసన కొడుతోంది. గోడలో ఎక్కడో గొట్టం నుంచి నీటి చుక్క... చుక్క తర్వాత చుక్క.

ఫోన్ మోగింది.

"అక్కా, ఒక నంబర్ రాసుకుంటారా?" ఆడపిల్ల గొంతు, గుసగుసగా.

"నీ నంబరేనామ్మా?"

"కాదు. వేరే పిల్లది. నా ఫొటో పెట్టినవాడే ఇప్పుడు దాని ఫొటో పెట్టాడు. బాత్రూంలో గడియ వేసుకుంది. త్వరగా మాట్లాడండి."

"మరి నీ ఫొటో?"

ముందు ఆ నంబర్ చెప్పింది. రాసుకున్నాను.

"మీరే తీయించారక్కా. రెండు రోజులు ఆలస్యమైంది..."

లైను తెగింది.

కిందటేడు వరస సెలవులొచ్చాయని ఒక పిల్ల ఫైలు సోమవారానికి తోసేశాను. ఆ పిల్ల సోమవారం దాకా బతకలేదు.

ఆ నంబర్‌కి చేశాను. అవతల ఏడుపు.

"ఇందులో నీ తప్పు రవ్వంత కూడా లేదమ్మా. తప్పు వాడిది. నేను లైన్‌లోనే ఉంటాను, ఎక్కడికీ పోను."

ఒక చెవిన ఆ పిల్ల మాట వింటూనే, రెండో ఫోన్‌లో వెబ్‌సైటు వాళ్ల వెంటపడ్డాను. నలభై నిమిషాలకి ఫొటో పోయింది. గడియ తీసిన చప్పుడు. "అమ్మా" అని పిలవడం, ఒక పెద్దావిడ పరుగున రావడం వినబడ్డాయి. నాకప్పుడు ఊపిరాడింది.

"నేనెవరికీ చెప్పలేదు. మీరు పంపిన అక్కకి ఎలా తెలిసింది?" అడిగింది పిల్ల.

"ఏ అక్క?"

"ఇందాకటి దాకా నా పక్కనే కూర్చుంది. మిమ్మల్ని ఒక మాట అడగమంది."

"ఏమని?"

"మీ కుర్చీ వెనక నిలబడ్డ ఇంకో పిల్ల సంగతి ఎప్పుడు చూస్తారని..."

నేను వెనక్కి తిరగలేదు. నా రెండు చేతులూ ఫోన్‌ని పట్టుకునే ఉన్నాయి.

కీబోర్డు మీద ఒక మీట దానంతటదే నొక్కుకుంది. తెర మీద కొత్త ఫిర్యాదులో, పేరు దగ్గర ఒక అక్షరం పడింది. తర్వాత... ఇంకొకటి.