మూల గదిలో బుడబుడ

"బుడుంగు బుడుంగు బుడగమ్మా... ఏటి అడుగున ఎవరమ్మా..."

చిన్నప్పుడు కాలవలో మునుగుతూ పాడుకునేవాళ్లం. ఆపైన ఏముందో... ఎంత తలుచుకున్నా రాదు. మా చెల్లెలు కాంతానికి మాత్రం ఆ రాత్రి ఆ పాటే గుర్తొచ్చిందట.

అమలాపురంలో ఓ ఆసుపత్రి. మేడమీద మూల గదికి చెడ్డపేరు. తలుపులు మూసుంటాయి, లోపల్నించి మాత్రం బుడబుడ... బుడబుడ... మునిగిపోతున్న మనిషి గొంతులా!

"గోదాట్లో పోయిన పడవ సరంగండీ. ఇంకా నీళ్లు కక్కుతున్నాడు" అని ఊడ్చే కనకదుర్గ కాంతం చెవిలో గుసగుసగా చెప్పింది.

కాంతం మనవడు ఏడో నెల్లోనే పుట్టేసేడు. అరచేతిలో పట్టేంత పిల్లాడు, సొంతంగా ఊపిరందదు. వాణ్ణి తెచ్చి — ఆ మూల గదిలోనే పెట్టేరు!

కోడలికి ఓపిక లేదని, ఆ సాయంత్రమే ముక్తేశ్వరం నుంచి దిగిన కాంతాన్ని కాసేపు తోడు కూర్చోమన్నారు.

చిన్న దీపం. ముక్కులో సన్నటి గొట్టాలతో పిల్లాడు నిద్ర. అప్పుడు... మంచం కిందనుంచి...

బుడబుడ... బుడబుడ...

కాంతం చటుక్కున లేచింది. పారిపోదామంటే పిల్లాడు! ఆ చప్పుడు వాడి చెవిన పడకూడదని, తలమీది ఊలు టోపీని చెవుల కిందికంటా లాగేసింది.

చప్పుడు ఆగిపోయింది.

'పోయేడు సరంగు వెధవ' అనుకుంది.

అంతలో తలుపు ధడాలున... తెల్లబట్టల్లో ఒక ఆకారం!

"ఎందుకాగిందండీ?"

"నేనే తరిమేనమ్మా—"

ఆకారం వినిపించుకోలేదు. టోపీ పైకి లాగి, దాంతోపాటు పిల్లాడి ముక్కులోంచి జారిపోయిన గొట్టాలు సర్దింది. నీలంగా మారిన పెదాలు... మెల్లగా ఎర్రబడ్డాయి. మంచం కింద సీసాలో నీళ్లు మళ్లీ బుడబుడ.

ఆమె కొత్త నర్సు, సూర్యకుమారి.

"గొట్టం రెండో కొస ఆ నీళ్లలో ఉంటుందండి మామ్మగారూ. బుడగలొస్తుంటే బాబుకి గాలి అందుతున్నట్టు. మేం ఈ గదిలోనే తలుపులేసుకుని, రబ్బరు బొమ్మకి గొట్టాలు పెట్టి నేర్చుకున్నాం. మా మేడంగారు కళ్లు మూయించి, చప్పుడు ఎప్పుడాగిందో చెప్పమనేవారు. చప్పుడుకి కాదండి, ఆగితే భయపడాలి."

"అయితే ఆ సరంగు..."

"ఆయ్, మేవేనండి!"

మర్నాడు కాంతం పిల్లాడి పక్కన కూర్చునే ఇదంతా నాకు ఫోన్లో చెప్పింది. నీళ్లలోంచి ఊపిరేవిటే, విడ్డూరం కాకపోతే అని నేను అడుగుతూనే ఉన్నాను.

"అక్కా, ఇంక ఫోను పెట్టేయ్. నీ గోలలో నాకా బుడబుడ వినపడ్డం లేదు."