గదిలోంచి వినిపించిన గొంతు

తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్లేసరికి గదిలో ఎవరూ లేరు.

వాష్ బేసిన్‌లో తెల్ల టవల్ ఉంది. దాని మీద రక్తం. తడిపిన టవల్ ఇంకా ఆరలేదు.

అవతల ఆడిటోరియంలో వేలమంది చప్పట్లు చరుస్తూ ఒకే పేరు అరుస్తున్నారు.

"పిడుగు! పిడుగు!"

ఆ పేరు అభిమానులు పెట్టింది. పాతికేళ్లుగా ఊరూరా తిరుగుతూ రాక్ పాటలు పాడుతున్న గాయకుడతను. ఏడున్నరకు స్టేజీ ఎక్కాలి. ఎక్కాల్సిన మనిషి లేడు.

బందోబస్తుకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగి, గదంతా ఒకసారి కలయజూసింది. అద్దం చుట్టూ బల్బులు వెలుగుతున్నాయి. స్టేజీ మీద వేసుకునే నల్ల జాకెట్ హ్యాంగర్‌కే ఉంది. బల్ల మీద చిన్న స్పీకరు, పక్కన ఫోను. ఫోను ఆగిపోయి ఉంది. బాత్రూమ్‌కి రెండో తలుపుంది. అది సామాన్లు దించే కారిడార్లోకి తెరుచుకుంటుంది. దాని గడియ తీసి ఉంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగింది అతని మేనేజర్ని.

నలభై అయిదేళ్ల మనిషి. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"సౌండ్ చెక్ అయ్యాక, అయిదింటికి. సాధన చేసుకుంటా, ఎవరూ రావద్దని సైగ చేసి గడియ పెట్టుకున్నాడు."

"సైగ ఎందుకు?"

"షోకి ముందు మాట్లాడడండి. గొంతు దాచుకుంటాడు. ఈ మధ్య మరీను."

"తర్వాత?"

"నేను గుమ్మం ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఆరూ ముప్పావు దాకా పాడుతూనే ఉన్నాడు. ఈ చెవులతో విన్నా. తర్వాత చప్పుడు లేదు. ఏడుంబావుకి తలుపు కొట్టాం. పలకలేదు."

"వెనక గేటు?"

"జనం లోపలికి రావడం మొదలవగానే మూసేస్తారు. ఆరింటికి."

గేటు దగ్గర వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. ఆరు దాటాక పిల్లి కూడా బయటికి పోలేదన్నాడు.

అంటే మనిషి బిల్డింగులోనే ఉండాలి. కానిస్టేబుళ్లు స్టేజీ కింద వెతికారు. సామాన్ల ట్రక్కులు వెతికారు. ఖాళీ డ్రమ్ము పెట్టెలు కూడా తెరిచి చూశారు. ఎక్కడా లేడు.

"ఎవడో ఎత్తుకుపోయాడు మేడమ్," అన్నాడు మేనేజర్. "లేకపోతే ఫోను వదిలేసి ఎక్కడికి పోతాడు? ఆ రక్తం ఏంటి?"

ఇన్‌స్పెక్టర్ కారిడార్లో మెట్ల మీద కూర్చున్న డ్రమ్మర్ దగ్గరికి వెళ్లింది. అతను గాయకుడికి చిన్నప్పటి స్నేహితుడు. పుల్లలు రెండూ ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఆయన గొంతుకేమైంది?"

డ్రమ్మర్ తల ఎత్తాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నా."

"ఏడాదిగా పాడైపోతోందండీ. ముందు జీర అన్నాం. తర్వాత అలసట అన్నాం. పాటలన్నీ రెండు స్వరాలు కిందకి దించాం. అయినా పై స్థాయి అందేది కాదు. అది వచ్చేచోట మైకు జనం వైపు తిప్పేవాడు. వాళ్లు పాడేవాళ్లు. తమ మీద ప్రేమ అనుకుని పొంగిపోయేవాళ్లు." అతను మొహం తుడుచుకున్నాడు. "నేను వెనకనుంచి వాడి వీపు చూస్తూ వాయించేవాణ్ని. మైకు తిప్పినప్పుడల్లా వాడి భుజాలు కుంగిపోయేవి."

"మరి ఇవాళ?"

ఆ మాటకి అతని కళ్లు వెలిగాయి.

"ఇవాళ వేరండీ! నేను కూడా ఇక్కడ నిలబడి విన్నా. మొదటి ఆల్బమ్‌లో పాట. పైకి తీసుకెళ్లి అలా నిలబెట్టాడు. ఎక్కడా జీర లేదు. నాకు ఏడుపొచ్చేసింది. దేవుడు కరుణించాడనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ వెంటనే గదిలోకి వెళ్లింది. అద్దం ముందు సొరుగులో మందుల పెట్టె ఉంది. మూత మీద డాక్టరు నంబరు. గది తలుపు దగ్గరగా వేసి ఫోన్ చేసింది. మాట్లాడటం కన్నా వినడమే ఎక్కువ జరిగింది.

తర్వాత అందర్నీ గదిలోకి పిలిపించింది. మేనేజర్, డ్రమ్మర్, వాచ్‌మన్.

"ఆ టవల్ మీద రక్తం దెబ్బ తగిలి వచ్చింది కాదు. దగ్గితే పడింది. డాక్టరుగారు చెప్పారు, నెల రోజులుగా పడుతోందట."

"నెల రోజులా!" అన్నాడు మేనేజర్.

"ఒక పక్క రక్తం కక్కుతున్న గొంతు. అదే గొంతు ఏడాదిగా అందని స్వరాన్ని జీర లేకుండా పాడింది. మీరిద్దరూ విన్నారు. ఇద్దరూ సంతోషించారు. ఇదెలా కుదురుతుందని ఒక్కరూ అనుకోలేదు."

డ్రమ్మర్ బల్ల మీది స్పీకరు వైపు చూశాడు.

ఈలోగా కానిస్టేబుల్ ఫోన్‌కి ఛార్జర్ పెట్టాడు. తెర వెలిగింది. లాక్ నంబరు డ్రమ్మర్‌కి తెలుసు. అతనే నొక్కాడు. ఆఖరున మోగిన ఆడియో తెర మీదే ఉంది, రెండు గంటల నిడివిది. ఇన్‌స్పెక్టర్ ప్లే నొక్కింది.

గదిలో పాట నిండిపోయింది. పడుచు గొంతు. బరువూ భయమూ లేని గొంతు. పాట పై స్థాయికి ఎగబాకి, అక్కడ నిలబడి, మెల్లగా దిగింది. వెంటనే వెనకెక్కడో ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"అది నేనే," అన్నాడు డ్రమ్మర్. "షెడ్డులో ప్రాక్టీసు చేసుకునే రోజుల్లోది. వాడు దాచుకున్నాడని నాకు తెలీదు."

ఇన్‌స్పెక్టర్ ఆపేసింది.

"మీరు విన్నది ఇదే. ఆరూ ముప్పావుకి ఆగింది ఆయన కాదు, బ్యాటరీ." ఆమె వాచ్‌మన్ వైపు తిరిగింది. "ఆరింటి లోపల ఆయన బయటికి వెళ్లారా?"

"వెళ్లారండి. అయిదున్నరకి. టోపీ పెట్టుకుని సామాన్ల కుర్రాళ్లతోపాటు వెళ్లారు. నాకు నమస్కారం కూడా పెట్టారు."

"ఇందాక చెప్పలేదేం?"

"ఆరు తర్వాత ఎవరైనా వెళ్లారా అని కదండీ మీరు అడిగింది?"

ఎవరూ నవ్వలేదు.

"కానీ ఎందుకు?" అన్నాడు మేనేజర్. "నన్ను అడిగితే..."

"పంపేవారా?"

అతను ఆడిటోరియం అరుపుల వైపు తల తిప్పాడు.

"సోమవారం ఆయనకి ఆపరేషన్," అంది ఇన్‌స్పెక్టర్. "క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఇక పాట లేదు. మాట కూడా ఉండదు. టూరు అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని డాక్టరు దగ్గర మాట తీసుకున్నారు."

మేనేజర్ హ్యాంగర్‌కున్న నల్ల జాకెట్ తీసి మడత పెట్టసాగాడు.

"ఆయనకి సొంతవాళ్లెవరున్నారు?" అంది ఇన్‌స్పెక్టర్.

"అక్క ఒక్కతే," అన్నాడు డ్రమ్మర్. "వాణ్ని పెంచింది ఆవిడే. ఈ ఊళ్లోనే అంధుల బడిలో సంగీతం చెప్తుంది. ఆవిడకి చూపు లేదు. ఇద్దరికీ ఏదో తేడా వచ్చిందనుకున్నా. ఏడాదిగా వాడు ఆవిడతో మాట్లాడలేదు. అన్నీ మెసేజ్‌లే. ఫోను చదివి వినిపించేది ఆవిడకి. ఎందుకురా అంటే విసుక్కునేవాడు."

అంతలోనే అతనికి అర్థమైంది. పుల్లలు రెండూ బల్ల మీద పెట్టేశాడు.

"మాట్లాడితే ఆవిడ కనిపెట్టేస్తుందని," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ బయల్దేరింది. గుమ్మంలో మేనేజర్ అడిగాడు.

"మేడమ్, బయట జనానికి ఏం చెప్పను?"

"ఇవాళ పాడలేరని చెప్పండి. మిగతాది ఆయనే చెప్పుకుంటారు."

బడి దగ్గరే. టీచర్ల గదులు వెనక వరసలో ఉన్నాయి. చివరి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆగి, వెనక వస్తున్న డ్రమ్మర్ని చేత్తో ఆపింది.

పోస్టర్ల మీద చేతులు చాచి నిలబడే ఆ మనిషి నేల మీద కూర్చుని ఉన్నాడు. మంచం అంచున అక్క. ఆమె రెండు చేతులూ అతని మొహం మీద ఉన్నాయి. వేళ్లు నుదుటి మీంచి ముక్కు మీదికి, ముక్కు మీంచి గడ్డం మీదికి నెమ్మదిగా నడుస్తున్నాయి.

"చిక్కిపోయావు," అంది.

"షోకి వెళ్లిపోవాలనే వచ్చానక్కా," అన్నాడు. కంకర మీద ఇనప డబ్బా ఈడ్చినట్టుంది ఆ గొంతు. "లేవలేకపోయాను."

"ఏడాదిపాటు నాకు ఆ మెషీన్ గొంతు వినిపించావు కదరా. ఇది పాడైందనా?"

"నువ్వు వింటే నిజమైపోతుందని."

ఆమె అతని గొంతు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

డ్రమ్మర్ గోడ వైపు తిరిగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ నడుం దగ్గర వైర్‌లెస్ సెట్టు ఒక్కసారి గరగరలాడింది. ఆమె దాన్ని ఆపేసింది.

"సోమవారం దాకా ఈ గొంతు ఉంటుంది కదా?" అంది అక్క.

"ఉంటుంది."

"అయితే పిలువు."

"అక్కా," అన్నాడు.

"ఇంకోసారి."

"అక్కా."

"ఇంకోసారి పిలువురా."