దీపాల వేళ అడగని ప్రశ్న

పొద్దున్నే పుష్పలత టీ గ్లాసు తెచ్చి తండ్రి చేతికిచ్చింది. తను కౌన్సిలర్‌గా పనిచేసే దవాఖానాకు వెళ్లే బస్సుకు ఇంకా టైముంది. రోజూ అయితే ఆ కాసేపూ ఫోను చూసుకునేది. ఇవాళ పీట లాక్కొని ఎదురుగా కూర్చుంది.

"రాత్రి నిద్ర పట్టిందా నాయినా?"

"పట్టింది."

"నడుమల మెలకువైతుందా?"

జంపయ్య టీ ఊదుకొని ఒక గుటక వేశాడు.

"బువ్వ తినబుద్ధి అయితుందా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. ఈ ప్రశ్నలు తెలుసు. వాటి వరస కూడా తెలుసు. నిద్ర, తిండి, పని మీద మనసు, ఆ తర్వాత ఇంకొకటి. కూతురు కౌన్సిలర్ చదువు చదివే రోజుల్లో ఈ వసారాలోనే కూర్చుని వల్లె వేసేది.

"నన్ను పేషెంటును జేసినవా?"

"లేదు నాయినా, ఊకెనే అడిగిన."

"ఊకెనే అడిగేటోళ్లు వరస తప్పకుంట అడుగుతరా?"

పుష్పలత పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "ఎడ్లను సతీష్ బావకు ఊరికే ఎందుకిచ్చినవ్?"

మొన్న దమ్మపేట నుంచి మేనల్లుడు సతీష్ వచ్చి ఎడ్లను తోలుకుపోయాడు. జంపయ్య పైసా అడగలేదు. దూడలప్పటి నుంచి తన చేతి గడ్డి తిని పెరిగిన జోడు అది.

"ముసలోన్నైన. దున్నలేను."

"పోయినేడు బేరానికొచ్చినోన్ని ముల్లుగర్ర పట్టి ఎల్లగొట్టినవ్."

"బస్సు పోతది. పో."

బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పుష్పలత లేవలేదు.

జంపయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని మనసులో సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఇక చాలు. భార్య రామక్క తన ప్రాణం తానే తీసుకుంది, తనదీ అదే దారి. ఎడ్లొక్కటే అడ్డం ఉండె. అవీ ఒక చేతిలో పడ్డాయి.

ఆ రోజంతా కూతురు అతన్ని వదల్లేదు. చేనుకు పోతే చేనుకొచ్చింది. ఇప్పచెట్టు కింద కూర్చుంటే తనూ కూర్చుంది.

"సర్కారు నీకు జీతమిచ్చేది నా ఎంట తిరగనీకా?"

"సెలవు పెట్టిన."

"రేపు?"

"రేపు గూడ."

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరారు. పుష్పలత దేవుని గూట్లో ప్రమిదకు వత్తి వేసింది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకొని అట్లాగే నిలబడింది.

"నాయినా, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు."

"నీకెందుకు చెప్పాలె? మీ అమ్మ చెప్పింది గదా. ఏం జేసినవ్?"

ఆ మాట రెండేళ్లుగా అతని గొంతులో ముల్లులా ఉంది. ఇప్పుడు బయటపడ్డది. పరీక్షల ముందు పుష్పలత తల్లిని పేషెంటుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగేది, జవాబులు రాసుకునేది. తెల్లారితే లేవబుద్ధి కాదు బిడ్డా అన్నది రామక్క. బువ్వ మట్టి లెక్క ఉంటదన్నది. పుష్పలత నవ్వి మెచ్చుకున్నది. తర్వాత కొన్నాళ్లకే రామక్క పోయింది.

"అచ్చం పేషెంటు లెక్కనే చెప్పినవమ్మా అన్నవ్. అది యాక్టింగ్ గాదు. నీకు మార్కులొచ్చినయ్. నాకు పెండ్లాం పోయింది."

పుష్పలత అగ్గిపెట్టెను గూట్లో పెట్టి అతని వైపు తిరిగింది. 

"అవ్. అమ్మ చెప్పింది, నాకు తెల్వలే. గంతేగాదు నాయినా. ఆఖరి ప్రశ్న అసలే అడగలే. గప్పుడు గూడ దీపం పెట్టే యాళ్లనే. అమ్మ ముంగట గా మాట నోటికి రాలే. అడగకుండనే 'లేదు' అని జవాబు రాసుకున్న."

జంపయ్య మంచం పట్టె పట్టుకున్నాడు. ఆ సాయంత్రం తానూ ఇక్కడే ఉన్నాడు. కూతురు నోరు తెరిచి ఆగిపోవడం చూశాడు. దీపాల వేళ ఇంట్లో చావు మాట రానందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. రామక్క మాత్రం ఇంకేదో అడుగుతుందన్నట్టు కూతురి మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఇన్నాళ్లూ అతనికి గుర్తు రాలేదు.

"దవాఖానకొచ్చే ప్రతి మనిషిని అడుగుతున్న. అమ్మనే అడగలే. నిన్ను అడుగుత." పుష్పలత అతని ముందు నేల మీద కూర్చుంది. "సచ్చిపోవాలనిపిస్తుందా నాయినా?"

"దీపం పెట్టే యాళ్ల..."

"పెట్ట. నువ్వు చెప్పేదాంక పెట్ట."

ఇంట్లో చీకటి పడుతోంది. అబద్ధం నాలుక చివరే ఉంది. కూతురు కళ్లు తిప్పుకోలేదు.

"అవ్," అన్నాడు జంపయ్య. "చాన్నాళ్ల సంది ఉన్నది... మొన్న ఎడ్లు మలుపు తిరిగినప్పటి సంది ఇగ గదే ఆలోచన."

పుష్పలత రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. రామక్క పోయాక ఒకరి ముందు ఒకరు ఏడవడం అదే మొదలు.

"రాసుకుంటవా?" అన్నాడు చివరికి.

"నేను రాయొద్దు నాయినా. ఇంటోళ్లది ఇంటోళ్లు చూడరు. నేనెందుకు చూడొద్దో అమ్మే నేర్పింది. పొద్దున మా దవాఖానల పెద్ద కౌన్సిలర్ సునంద మేడమ్ కాడికి పోదాం. నాకు చెప్పిందే చెప్పు. నీ మాట నీ మాటలెక్కనే రాస్తది. నేను బయట కూసుంట. ఈ రాత్రి నీ మంచం పక్కనే పండుకుంట."

అతను తల ఊపాడు. ఆమె లేచి దీపం వెలిగించింది.

జంపయ్య కండువాతో మొహం తుడుచుకొని, వెలుగు కేసి కాక ఖాళీ కొట్టం కేసి చూశాడు.

"సతీష్‌గానికి ఫోన్ జెయ్. ఎడ్లను తోలుకొచ్చి కట్టేయమను. ఎడమ దిక్కు ఎద్దు చేత్తోటి పెడితెనే తింటదని వానికి తెల్వదు."