అయిదుగురు ఉరుకుందప్పలు

భీమమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. కూతురు మహాదేవి జడ వేసుకుంటూ గోడ గడియారం మీద ఒక కన్ను వేసి ఉంచింది. పొద్దుటి బస్సు తప్పిపోతే ఆదోనికి ఆటోనే గతి. ఆదోని బయట ఉన్న పత్తి మిల్లులో, అకౌంట్స్ సెక్షన్‌లో చేరి నాలుగు నెలలు కావస్తున్నా ఆ పిల్లకు పొద్దున లేవగానే మిల్లంటే బెదురు మాత్రం పోలేదు. అంకెలంటే భయమని కాదు. బి.కాం.లో కాలేజీకే మొదటిది. కానీ పరీక్షలో అంకె తప్పితే మార్కు పోతుంది, మిల్లులో అంకె తప్పితే ఎవరిదో సొమ్ము పోతుంది. ఈ ముక్క కాలేజీలో ఎవరూ చెప్పి ఏడవలేదు.

తండ్రి ఉరుకుందప్పకు ఈ ఉద్యోగం మొదటినుంచీ గిట్టలేదు. టీచరు పరీక్ష రాయమన్నాడు. నర్సు చదువైనా సరేనన్నాడు. "ఒకరి దుడ్ల లెక్క మనకొద్దు పాపా" అన్నాడే తప్ప, ఎందుకొద్దో చెప్పలేదు. ఆమె మొండికేసి చేరింది. ఆనాటి నుంచి ఆయన మిల్లు ఊసెత్తితే ఒట్టు. మొదటి జీతం చేతిలో పెట్టినప్పుడు కూడా "ఊఁ" అని ఊరుకున్నాడు. ఆ "ఊఁ" మహాదేవి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఎద్దులకు మేత వేసి వచ్చిన ఉరుకుందప్ప తన ఫోను కూతురి చేతికిచ్చాడు.

"నిన్న సాయంత్రం ఏందో కుయ్‌మన్నాది. చూడు పాపా, ఏం మెసేజో."

చూసింది. ఆయన బ్యాంకు ఖాతాలో మూడున్నర లక్షలు జమ. పంపింది తను పనిచేసే మిల్లే.

మహాదేవి మళ్లీ చదివింది. తమ పత్తికి డబ్బు పోయిన నెలే వచ్చేసింది. ఇది వేరే ఉరుకుందప్పది.

ఆ పడమటి ఊళ్లలో ఇదొక తంటా. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే పుట్టిన మగపిల్లలందరికీ ఆ స్వామి పేరే. ఏ వీధిలో "ఉరుకుందప్పా" అని కేకేసినా ఇద్దరు తిరిగి చూస్తారు. మిల్లుకు పత్తి వేసిన రైతుల్లో అయిదుగురు ఉరుకుందప్పలున్నారు. కంప్యూటర్‌లో డబ్బు పంపేటప్పుడు పేరు ఒక్కటే చూడకూడదు, ఊరూ తండ్రి పేరూ కూడా చూసి నొక్కాలి. నిన్న బస్సు వేళవుతోందన్న హడావిడిలో ఆమె పేరు చూసింది, నొక్కేసింది. పుట్టినప్పటి నుంచి కళ్లకు అలవాటైన పేరు మరి. సొంత తండ్రి పేరు.

"ఏందమ్మా అది?"

"ఏం లేదు నాయనా. ఎవురో లోన్ కంపెనీ వాళ్ల ప్రకటన."

ఆ అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. రొట్టె సగంలో వదిలేసి లేచింది.

"తినేది తినకుండా యాడికి పరిగెత్తుతాండావే?" అని భీమమ్మ అరుస్తూనే ఉంది.

బస్సులో దారి పొడుగునా ఒకటే ఆలోచన. పోగానే మేనేజర్ శివశంకర్ సార్‌తో చెప్పేయాలి. చెప్తే? పొరపాటని నమ్ముతాడా? ఇంకే ఉరుకుందప్పకు పోయినా పొరపాటే అంటారు. కానీ డబ్బు పోయింది తన ఇంటికి. కూతురు నొక్కింది, తండ్రి ఖాతాలో పడింది. ఇక ఎవరినీ అడగనక్కర్లేదు. పోయిన నెల కాటా గుమాస్తా మీద అనుమానం వస్తే, గేటు దగ్గర వాచ్‌మన్ అందరి ముందూ అతని సంచీ వెతికి పంపించాడు. ఆ మనిషి తల వంచుకుని పోవడం ఆమె కిటికీలోంచి చూసింది. తన సంచీ వెతుకుతున్నట్టే అనిపించి ఆమె సంచీని ఒడిలోకి లాక్కుంది.

ఆ రోజు శివశంకర్ ఆడిటర్ల మధ్య ఊపిరాడకుండా ఉన్నాడు. రాయచోటి మనిషి, మాట కరుకు. మహాదేవి రెండుసార్లు తలుపు దాకా వెళ్లింది.

"ఏమ్మా, ఏం కావాల?"

"ఏం లేదు సార్."

తేలుకుట్టిన దొంగలా వచ్చి కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం ఫోను మోగింది. అసలు ఉరుకుందప్ప.

"దుడ్లు ఇంకా పడలేదమ్మా. పత్తి ఇడిపించిన కూలోళ్లు ఇంటి ముందర కూర్చున్యారు. నిన్ననే ఏస్తామంటిరి గదా?"

"రేపు పడతాయన్నా" అంది మహాదేవి. ఇది రెండో అబద్ధం. మొదటిది భయంతో వచ్చింది, రెండోదానికి మొదటిదే దారి చూపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో తండ్రి కూర్చుని ఉన్నాడు. ఎద్దులకు నీళ్లు పెట్టలేదు. భీమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ దుడ్లు యాడివి?" అన్నాడు ఉరుకుందప్ప.

మహాదేవి వాకిట్లోనే ఆగిపోయింది.

"పురుగుమందుకు వెయ్యి తీసుకుందామని గాబ్రియేలు కాడికి పోతి. వేలు పెడితిని. 'ఏమప్పా, లచ్చలు లచ్చలు పెట్టుకున్యావే' అని అందరి ముందర చదివినాడు." గాబ్రియేలు ఆ ఊళ్లో వేలిముద్ర మిషనుతో బ్యాంకు డబ్బులిచ్చే మనిషి. "పొద్దున నీవు ప్రకటనంటివి. నీకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్తివి. నా పేరు మీద దొంగతనం చేస్తివా పాపా?"

"నేను తియ్యలేదు నాయనా!" అరిచింది ఆమె. "పేరు చూసి పొరపాటున నొక్కినా. ఇంకో ఉరుకుందప్పకు పోవాల్సినవి. దేవునిమీద ఆన."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పకపోతివి? ఇంట్లో నాకు చెప్పేదానికేం?"

"భయమయ్యింది. నీకు ఈ పనే ఇష్టం ల్యా. చెప్తే, నేను ముందే చెప్పలేదా అంటావని..."

"ఆయప్ప అడిగేదానికి సరిగ్గా చెప్పవే, ఏడ్చొద్దు" అంది భీమమ్మ, తనే ఏడుస్తూ.

ఉరుకుందప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తిడతాడనుకుంది మహాదేవి. ఆయన మాత్రం గొంతు తగ్గించాడు.

"మీ జేజినాయన కూడా లెక్కలు రాసేటోడే. ఊరి జాతర చందా లెక్క. ఒక ఏడు లెక్క కుదరలేదు. ఇచ్చినారనుకుని ఎవురిదో రాసుకున్యాడు, వాళ్లు ఇయ్యనే ల్యా. ఒక్క పైసా తిన్లేదాయప్ప. కానీ అడుగుతారని భయపడి, ఎవురికీ చెప్పకుండా బళ్లారికి పాయ. ఉన్నింటే తప్పు రాసినాడనేటోళ్లు. పోయినందుకు దొంగనిరి. నేను బడికి పోతే దొంగ కొడుకనేటోళ్లు. అందుకే ఈ పని వద్దంటి. నీకు చెప్పేదానికి సిగ్గయ్యింది."

ఇన్నాళ్లూ ఆయన "ఊఁ" వెనకాల కోపం ఉందనుకుంది మహాదేవి. చదువుకున్న కూతురు తన మాట కాదన్నందుకు చిన్నబుచ్చుకున్నాడనుకుంది. ఆ "ఊఁ" నిండా ఉన్నది భయమని, అదీ తనకోసమేనని ఇప్పుడు తెలిసింది.

"రేపు బ్యాంకుకు పోయి మెల్లగా ఎనక్కి పంపిద్దాం నాయనా. ఎవురికీ తెలియదు."

"గాబ్రియేలు కాడ అంతమంది ఇన్నాక, తెలియకుండా అనేది యాడుంది? లెయ్. మీ సారు ఉంటాడా ఇప్పుడు?"

"సీజను గదా, ఉంటాడు."

"అయితే బండెక్కు" అంటూ ఆయన మోటార్‌సైకిల్ తాళం తీసుకున్నాడు.

మిల్లు గేటు కనిపించగానే మహాదేవికి మళ్లీ వాచ్‌మన్, వెతికిన సంచీ కళ్లముందు మెదిలాయి. దిగి పారిపోదామనిపించింది. తండ్రి బండి స్టాండ్ వేస్తుంటే చూసింది.  స్టాండ్ రెండుసార్లు జారిపోయింది. అది చూశాక పారిపోవడానికి ఆమెకు మనసు రాలేదు.

శివశంకర్ గదిలో ఉరుకుందప్ప రెండు చేతులూ జోడించి, "సారూ, మా పాప..." అని మొదలుపెట్టాడు. మహాదేవి ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"నేను చెప్తా నాయనా. సార్, నిన్న ఒక ఉరుకుందప్పకు పోవాల్సిన డబ్బు ఇంకో ఉరుకుందప్పకు వేసినా. ఈయన ఆ రెండో ఉరుకుందప్ప. మా నాయన. పొద్దున్నే తెలిసింది. భయపడి చెప్పలేదు."

శివశంకర్ ముఖం నల్లబడింది. కంప్యూటర్ వైపు తిరిగి, నిన్నటి చెల్లింపు తీసి చూశాడు.  

"నువ్వు నొక్కినాక, సరేనని రెండో నొక్కు నొక్కింది నేను" అన్నాడు చివరికి. "నేనూ పేరే చూసినా. మా పక్క ఇంతమంది ఉరుకుందప్పలు ఉండరు తల్లీ." అంతలోనే గొంతు పెంచాడు. "కానీ ఆ రైతు ఫోన్ చేసే ఉంటాడు గదా, ఏం చెప్పినావు?"

"రేపు పడతాయని చెప్పినా సార్."

"అది తప్పు. నొక్కింది పొరపాటు, ఇది తప్పు. కూలోళ్లను ఇంటి ముందర పెట్టుకుని ఆయన ఎట్లుంటాడు? ఇప్పుడే ఫోన్ చెయ్. నా ముందర చెయ్."

చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి ఉరుకుందప్ప ఫోను పగిలేలా తిట్టాడు. "చదువుకున్యావా, గాడిదలు కాసినావా" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "తప్పేనన్నా, తప్పేనన్నా" అంటూ అన్నీ పడింది. తిట్టీ తిట్టీ ఆయనే, "సర్లేమ్మా, రేపన్నా ఎయ్" అని పెట్టేశాడు.

డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకుంటూ ఉరుకుందప్ప కాగితం మీద సంతకం చేశాడు. పొద్దున్నే బ్యాంకుకు రమ్మని శివశంకర్ చెప్పాడు.

"నా ఉద్యోగం సార్?" అంది మహాదేవి. అడక్కుండా ఉండలేకపోయింది.

"అది నా చేతిలో లేదు. ఓనరుకు చెప్పాల. నీ అంతట నువ్వొచ్చి చెప్పినావని చెప్తా, నా నొక్కు సంగతీ చెప్తా. ఆయన వద్దనేదాకా నువ్వు ఈడ పనిచేసే మనిషివే. రేపు టైముకు రా."

బయటికి వచ్చాక ఇద్దరూ బండి దగ్గరికి నడిచారు. వాచ్‌మన్ ఆమె సంచీ వైపు చూడనైనా చూడలేదు.

"నీకు భయం కాలేదా నాయనా?"

"శానా అయ్యింది. ఇంకా కాళ్లు వణుకుతాండాయి." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి అదొక సాకు.

"రేపు ఓనరు వద్దంటే?"

"అంటే అననీ. పాప తప్పు చేసి, తనే చెప్పి వచ్చిందంటారు. పారిపోయిందని మాత్రం ఎవురూ అనరు."

బండి ఊరి దారి పట్టింది. మహాదేవి ఆయన వీపుకు తల ఆనించి నిశ్శబ్దంగా ఏడుస్తోంది. కొంత దూరం పోయాక ఉరుకుందప్ప తల కాస్త వెనక్కి తిప్పాడు.

"పాపా. నీవు ఆడ దినమంతా ఏం చేస్తావు? నేనెప్పుడూ అడగల్యా. చెప్పు, ఇనుకుంటా. మొదట్నుంచి చెప్పు."

నాలుగు నెలలుగా ఆమె ఎదురుచూసిన మాట అదొక్కటే.  కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది.

"పొద్దున పోతానే కంప్యూటర్ తెరుస్తా నాయనా. ఆ దినం ఎవరెవరి పత్తి వచ్చిందో..."

గాలికి మాట సరిగ్గా వినపడడం లేదని ఆయన బండిని నిదానం చేశాడు.