గంగులు తెప్ప

ఊరి చివర పాత కస్టమ్స్ బంగళాలో సున్నం వాసన ఇంకా పోలేదు. ఎదుటి దీవి ఓడల చరిత్ర చెప్పే మ్యూజియాన్ని తెల్లారితే తెరుస్తారు. అరవై ఎనిమిదిలో ఆ తీరాన అదొక వింత. రిటైరైన హెడ్మాస్టరు నరసింగరావు పట్టుబట్టి పెట్టించాడు. బంగళా వెనక గదుల్లోనే కాపురం. బోర్డులన్నీ కూతురు కామేశ్వరి రాసింది. పెద్దబోర్డు ఆమె తాతగారి గురించి: ‘తుఫానులో దీవి జనాన్నందరినీ ఒడ్డుకు చేర్చిన ధీరుడు.’

అందరినీ కాదు. తాతగారి పడవకి మోకుతో కట్టిన తెప్ప మీద జాలరి గంగులున్నాడు. పడవ మునిగేలా ఉందని తాతగారు మోకు కోసేశాడు. నాయనమ్మ పోతూ పోతూ ఈ మాట చెప్పింది. అయినా కామేశ్వరి ఆ అక్షరాలు గుండ్రంగా దిద్దింది. నాన్న పరువు ముందు గంగులు ప్రాణమెంత?

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ తెప్ప దుంగలు ఇన్నాళ్ళూ ఇసుకలో విడివిడిగా పడున్నాయి. చూసేవాళ్ళకి బాగుండాలని నరసింగరావు వాటిని హాల్లో పెట్టి బిగించి కట్టించాడు.

గంగులు పెళ్ళాం అసిరమ్మ గుమ్మం బయటే నిలబడింది.

“బాబూ, కట్లు ఇప్పేయండి. సముద్రంలో పోయినోడి తెప్ప కట్టుంచకూడదు. ఆడు ఏటకి లెగుస్తాడు.”

“లేస్తే టిక్కెట్టు కొని చూడమను,” నరసింగరావు నవ్వాడు.

“నవ్వండి బాబూ. తెప్పకి ఇద్దరు కావాల. ఆడొక్కడూ ఎల్లడు.” కామేశ్వరి వైపు తిరిగింది. “ఇప్పమ్మా. కొయ్యకు మాత్రం. ఒకసారి కోసింది సాలు.”

దీపాలవేళ నరసింగరావు చెప్పులేసుకుని, లాంతరు పట్టుకుని బోర్డు తగిలించడానికి హాల్లోకి వెళ్ళాడు. కాసేపటికి నాచు వాసన... కుళ్ళిన చేప వాసన... తర్వాత తెడ్డు చప్పుడు.

చప్... చప్...

కామేశ్వరి పరుగెత్తింది. నేల పొడిగా ఉంది. తెప్ప ముందు కొసన నాన్న కూర్చుని ఉన్నాడు. తొడల చుట్టూ మోకు. వెనక ఎవరూ లేరు. కానీ ఆ కొస కిందికి ఒరిగి ఉంది, బరువైన మనిషెవరో కూర్చున్నట్టు.

“విప్పవే తల్లీ...” నాన్న నోట్లోంచి నీళ్ళు కారాయి.

ముడి నానిపోయి ఉంది. గోళ్ళు విరిగాయి. మోకు పొట్ట దాటింది. ఛాతీ... గొంతు... కామేశ్వరి అలమరలో ప్రదర్శనకు పెట్టిన చేపలకత్తి లాక్కుంది.

కోసేసింది.

చప్పుడు ఆగిపోయింది. చెవి పక్కన చల్లటి ఊపిరి.

“అదే సెయ్యి...”

నాన్న తల వాలిపోయింది.

పొడినేల మీద మనిషి ఉప్పునీళ్ళు మింగి ఎలా చచ్చాడో డాక్టరుకి అంతుబట్టలేదు. తెల్లారి శవం వరండాలో చాప మీద ఉండగానే అసిరమ్మ వచ్చింది. ఇసుక వైపు వేలు చూపించింది.

హాలు మెట్ల నుంచి సముద్రం దాకా రెండు జతల అడుగులు. ఒకటి ఉత్తి కాళ్ళది. ఒకటి చెప్పులది.

చెప్పుల జత మాత్రం తిరిగొచ్చింది... కామేశ్వరి పడుకునే గది కిటికీ కిందికి. ఆ అడుగుల్లో నీళ్ళు ఇంకా ఇంకలేదు.